గాజు వాన కురిసే గ్రహం: కొలిచింది ఎంత, అల్లింది ఎంత

క్లుప్తంగా

హెచ్‌డీ 189733 బి అనే గ్రహం మనకు సుమారు 64 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. గురుగ్రహం కంటే కొంచెం పెద్దది. తన నక్షత్రాన్ని 2.2 రోజులకు ఒకసారి చుట్టేస్తుంది. దాని పరిమాణం, ద్రవ్యరాశి, వేడి కొలతల మీద నిలబడ్డ సంగతులు. గాలి వేగం కూడా కొలిచిందే, కానీ దానికి తగిలించే పోలిక సరైనది కాదు. నీలం రంగుకు ఆధారం ఉంది, అయితే ఆ గ్రహం మొత్తం మీద చీకటి గ్రహమే. గాజు వానను మాత్రం ఎవరూ చూడలేదు, కొలవలేదు. అక్కడి గాలిలో తేలుతున్నది అతి సన్నటి క్వార్ట్జ్ (తెల్లరాయి) ధూళి అనడానికి 2024లో ఆధారం దొరికింది.

ప్రచారంలో ఉన్న మాట

ఎండలు ముదిరి నెల్లూరు, ఒంగోలులో పగటి ఉష్ణోగ్రత 44, 45 డిగ్రీలకు చేరే రోజుల్లో ఫోన్లలో ఒక రకం వీడియోలు మళ్లీ మళ్లీ తిరుగుతుంటాయి. ముదురు నీలం రంగు బంతి లాంటి గ్రహం, దాని మీద అడ్డంగా దూసుకుపోయే గాజు ముక్కలు, వెనక భయపెట్టే సంగీతం. చెప్పే మాటలు కూడా దాదాపు ఒకటే: అక్కడ 930 డిగ్రీల వేడి, ధ్వని కంటే ఏడు రెట్లు వేగంగా గాలి, కరిగిన గాజు వాన, కుళ్లిన కోడిగుడ్ల కంపు, పైగా గ్రహమే సెకనుకు వెయ్యి టన్నుల చొప్పున అంతరిక్షంలోకి ఆవిరైపోతోంది.

వీటిలో దేన్నీ పూర్తిగా కల్పన అని కొట్టిపారేయలేం. ప్రతి మాట వెనకా ఏదో ఒక పరిశోధన ఉంది. కాకపోతే నేరుగా కొలిచిన అంకె, దాని నుంచి లెక్క కట్టిన అంకె, 'ఇలా అయి ఉండొచ్చు' అని శాస్త్రవేత్తలు అన్న మాట, ఈ మూడూ వీడియోలో ఒకే గొంతుతో వినిపిస్తాయి. వాటిని విడదీసి చూస్తే గ్రహం తక్కువ వింతగా ఏమీ అనిపించదు. కొన్ని చోట్ల నిజమే ఎక్కువ ఆసక్తిగా ఉంటుంది.

ఎంత పెద్దది, ఎంత బరువు

ఈ గ్రహాన్ని 2005లో ఫ్రాన్స్‌లోని హాట్ ప్రోవాన్స్ అబ్జర్వేటరీ నుంచి పనిచేసిన బృందం కనిపెట్టింది. ఇప్పటివరకు దాన్ని విడిగా ఒక చుక్కగా కూడా ఎవరూ ఫొటో తీయలేదు. నక్షత్రం వెలుగులో అది పూర్తిగా కలిసిపోయి ఉంటుంది. ఇంటర్నెట్‌లో కనిపించే బొమ్మలన్నీ చిత్రకారులు గీసినవి. అయినా దాని కొలతలు ఇంత నమ్మకంగా చెప్పగలగడానికి కారణం దాని కక్ష్య. భూమి నుంచి చూస్తే ఆ కక్ష్య దాదాపు అంచు మీద కనిపిస్తుంది. అందువల్ల ప్రతి చుట్టులో ఒకసారి గ్రహం నక్షత్రం ముందు నుంచి, ఒకసారి వెనక నుంచి వెళ్తుంది.

ముందు నుంచి వెళ్లే సుమారు 1 గంట 50 నిమిషాల పాటు నక్షత్రం వెలుగు 2.4 శాతం తగ్గుతుంది. అంటే నక్షత్రం బిళ్లలో గ్రహం కప్పిన భాగం 2.4 శాతం. దాని వర్గమూలం తీస్తే గ్రహం వ్యాసార్ధం నక్షత్రం వ్యాసార్ధంలో సుమారు 15.5 శాతం అని తేలుతుంది. ఆ నక్షత్రం సూర్యుడి కంటే చిన్నది, నారింజ రంగుది. దాని సైజు తెలుసు కాబట్టి గ్రహం వ్యాసార్ధం సుమారు 80 వేల కిలోమీటర్లు అని వస్తుంది. గురుగ్రహం కంటే 13, 14 శాతం ఎక్కువ. మన గురుగ్రహం సూర్యుడి ముందు నుంచి వెళ్తే దూరాన ఉన్న వాళ్లకు వెలుగు ఒక్క శాతమే తగ్గినట్టు కనిపిస్తుంది. ఇక్కడ నక్షత్రం చిన్నది, గ్రహం పెద్దది కాబట్టి సంకేతం రెండింతలు దాటింది. ఈ గ్రహం మీద ఇన్ని పరిశోధనలు జరగడానికి మొదటి కారణం ఇదే.

ద్రవ్యరాశికి వేరే దారి ఉంది. గ్రహం లాగుతున్నందుకు నక్షత్రం కూడా కొంచెం అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊపు వేగం సెకనుకు సుమారు 205 మీటర్లు. గురుగ్రహం సూర్యుణ్ని ఊపేది సెకనుకు 12.5 మీటర్లే, అదీ దాదాపు 12 ఏళ్లకు ఒక ఊపు. ఈ లెక్కన హెచ్‌డీ 189733 బి ద్రవ్యరాశి గురుగ్రహానికి 1.13 రెట్లు. సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు ఒక గ్రాము, అంటే నీటికి సమానం. గురుగ్రహానిది 1.33. ప్రధానంగా హైడ్రోజన్, హీలియం వాయువులతో తయారైన గ్రహం అనడానికి ఈ సాంద్రతే ఆధారం. అందుకే అక్కడ వాన పడటానికి కింద నేల లేదు. లోపలికి పోయే కొద్దీ వాయువు చిక్కబడుతూ, వేడెక్కుతూ పోతుంది.

నక్షత్రానికి అతి దగ్గరగా తిరిగే ఇలాంటి వేడి వాయు గ్రహాల్లో ఇది మధ్యస్థం అని గుర్తుంచుకోవాలి. అహ్మదాబాద్‌లోని ఫిజికల్ రీసెర్చ్ లేబొరేటరీ శాస్త్రవేత్తలు మౌంట్ అబూ టెలిస్కోప్‌తో కనిపెట్టి 2021లో ప్రకటించిన టీఓఐ-1789బి ద్రవ్యరాశి గురుగ్రహంలో 70 శాతమే, వ్యాసార్ధం మాత్రం 1.4 రెట్లు. సాంద్రత 0.3 దగ్గర. అదే బృందం 2023లో ప్రకటించిన టీఓఐ-4603బి అయితే గురుగ్రహమంత సైజులోనే దానికి 13 రెట్ల ద్రవ్యరాశి కూరుకుని ఉంది. వేడి గ్రహాలు కొన్ని అంతగా ఎందుకు ఉబ్బుతాయన్నది ఇంకా తేలని ప్రశ్న. నక్షత్రం వేడి పై పొరల్లోనే ఆగకుండా లోతుకు ఎలాగో చేరుతోందని, అందుకు గాలులు, అయస్కాంత క్షేత్రం కలిసి పుట్టించే విద్యుత్ ప్రవాహాలు ఒక కారణం కావచ్చని ఒక వాదన. హెచ్‌డీ 189733 బి విషయంలో ఆ సమస్య పెద్దగా లేదు, అది పెద్దగా ఉబ్బలేదు.

ఆ 930 డిగ్రీలు ఎక్కడివి

గ్రహానికీ నక్షత్రానికీ మధ్య దూరం సుమారు 46 లక్షల కిలోమీటర్లు. సూర్యుడికీ భూమికీ మధ్య దూరంలో ఇది 3 శాతం. నక్షత్రం సూర్యుడి కంటే వెలుగు తక్కువదే అయినా ఇంత దగ్గరలో ఉండటం వల్ల భూమికి అందే దానికంటే సుమారు 300 రెట్లు ఎక్కువ శక్తి ఈ గ్రహం మీద పడుతుంది.

అంత దగ్గర తిరిగే గ్రహాన్ని నక్షత్రం ఆకర్షణ బిగించేస్తుంది. చంద్రుడు మనకు ఒకే ముఖం చూపించినట్టు ఈ గ్రహం నక్షత్రానికి ఎప్పుడూ ఒకే ముఖం చూపిస్తుంది. ఒక వైపు ఎప్పటికీ పగలు, రెండో వైపు ఎప్పటికీ రాత్రి. మరి రాత్రి వైపు గడ్డకట్టి ఉంటుందా? 2007లో వెలువడిన స్పిట్జర్ టెలిస్కోప్ కొలతలు దీనికి జవాబిచ్చాయి. గ్రహం తన కక్ష్యలో తిరుగుతుంటే ముందు రాత్రి వైపు, తరవాత క్రమంగా పగటి వైపు మనకు తిరుగుతుంది. సుమారు 33 గంటల పాటు ఆగకుండా పరారుణ కాంతిని (కంటికి కనిపించని వేడి కిరణాలను) కొలిచి ఆ తేడాల నుంచి ఉష్ణోగ్రతల పటం తయారు చేశారు. మరో నక్షత్రం చుట్టూ తిరిగే గ్రహానికి అలాంటి పటం రావడం అదే మొదలు.

పగటి వైపు బాగా వేడి చోట సుమారు 940 డిగ్రీల సెల్సియస్, చల్లటి చోట సుమారు 700. వీడియోల్లోని అంకె ఇక్కడి నుంచే వచ్చింది, పెద్ద తప్పు లేదు. వాళ్లు చెప్పనిది రెండో అంకె. ఎన్నడూ వెలుగు చూడని రాత్రి వైపు 700 డిగ్రీలు ఉందంటే, పగటి వేడిని ఏదో అటువైపు మోసుకుపోతోందని అర్థం. అది గాలి.

అదే పటంలో ఇంకో సంగతి బయటపడింది. నక్షత్రానికి సూటిగా ఎదురుగా ఉన్న చోట అత్యధిక వేడి లేదు, దానికి కొంత తూర్పున ఉంది. మన దగ్గర మిట్ట మధ్యాహ్నం 12 గంటలకు కాకుండా రెండు, మూడు గంటలకు ఎండ దంచినట్టే ఇది కూడా అనిపిస్తుంది. కారణం మాత్రం వేరు. ఇక్కడ నేల వేడెక్కడానికి పట్టే సమయం వల్ల ఆలస్యం జరుగుతుంది. అక్కడ నేలా లేదు, సూర్యుడు నడినెత్తి నుంచి కదలడమూ లేదు. తూర్పు దిక్కుగా ఉరికే గాలి వేడి ప్రాంతాన్నే పక్కకు జరుపుతోంది.

ధ్వని కంటే ఏడు రెట్లు అనే లెక్క

గాలి వేగానికి వేడి పటం పరోక్ష సాక్ష్యం. నేరుగా కొలిచింది 2015లో, ఇంగ్లండ్‌లోని వార్విక్ యూనివర్సిటీ పరిశోధకులు. గ్రహం నక్షత్రం ముందుకు వచ్చినప్పుడు నక్షత్ర కాంతిలో కొంత గ్రహం అంచుల్లోని పల్చటి వాతావరణం గుండా వస్తుంది. అక్కడి సోడియం ఆ కాంతిలో ఒక గీతను మింగేస్తుంది. గాలి మన వైపు వస్తుంటే ఆ గీత నీలం వైపుకు, దూరంగా పోతుంటే ఎరుపు వైపుకు జరుగుతుంది. గ్రహం ముందు అంచును, వెనక అంచును విడివిడిగా లెక్కించి, గ్రహం తన చుట్టూ తాను తిరిగే వేగాన్ని తీసేసి చూస్తే సెకనుకు 2 కిలోమీటర్లకు పైగా గాలి తేలింది. ఈ తీసివేత ముఖ్యం, ఎందుకంటే ఆ గ్రహం భూమధ్యరేఖ దగ్గర తిరిగే వేగమే సెకనుకు 2.6 కిలోమీటర్లు.

అప్పట్లో వార్తల్లో వచ్చిన అంకె గంటకు సుమారు 8,700 కిలోమీటర్లు. 1989 నవంబరులో కావలి దగ్గర తీరం దాటి నెల్లూరు, ప్రకాశం జిల్లాలను అతలాకుతలం చేసిన తుపానులో గాలులు గంటకు 200 కిలోమీటర్లు దాటాయి. దాంతో పోల్చి చూస్తే ఈ అంకె ఏ స్థాయిదో తెలుస్తుంది.

అయితే 'ధ్వని కంటే ఏడు రెట్లు' అన్న పోలికలో ఒక మెలిక ఉంది. ఆ లెక్కలో వాడింది భూమి మీద ధ్వని వేగం, సెకనుకు 340 మీటర్లు. ధ్వని ఎంత వేగంగా ప్రయాణిస్తుందన్నది వాయువు ఎంత తేలికగా, ఎంత వేడిగా ఉందన్న దాని మీద ఆధారపడుతుంది. హెచ్‌డీ 189733 బి మీద గాలి ప్రధానంగా హైడ్రోజన్, అన్నిటికంటే తేలికైన వాయువు. పైగా 900 డిగ్రీల వేడి. అలాంటి చోట ధ్వని వేగం లెక్క కడితే సెకనుకు సుమారు 2.4 కిలోమీటర్లు వస్తుంది. అంటే అక్కడి గాలి అక్కడి ధ్వనికి ఏడు రెట్లు కాదు, సుమారుగా దాంతో సమానం. భౌతిక శాస్త్రపరంగా ఇది చిన్న తేడా కాదు. గాలి స్థానిక ధ్వని వేగాన్ని దాటబోతే షాక్ తరంగాలు పుట్టి, దాని శక్తిని వేడిగా మార్చి, వేగానికి పగ్గం వేస్తాయి. అందుకే వేడి గ్రహాల గాలి వేగాలు స్థానిక ధ్వని వేగానికి చుట్టుపక్కలే ఉండటంలో ఆశ్చర్యం లేదు. పత్రికా ప్రకటన రాసిన వాళ్లు పాఠకుడికి తెలిసిన అంకెతో పోల్చారు. ఆ పోలిక కాలక్రమంలో సిద్ధాంతంలా చలామణి అయింది.

నీలం రంగు: ఉంది, కానీ

2013లో హబుల్ టెలిస్కోప్‌తో ఆక్స్‌ఫర్డ్, ఎక్సెటర్ యూనివర్సిటీల వాళ్లు చేసిన కొలత చాలా తెలివైనది. గ్రహం నక్షత్రం వెనక్కి వెళ్లినప్పుడు దాని నుంచి పరావర్తనం చెంది వచ్చే కాంతి మాయమవుతుంది. వెళ్లక ముందు, వెళ్లాక వచ్చిన మొత్తం కాంతిని రంగుల వారీగా తీసివేస్తే, నీలం భాగంలో కొంచెం తగ్గుదల కనిపించింది, పచ్చ భాగంలో కనిపించలేదు. అంటే గ్రహం నీలం కాంతిని తిప్పి పంపుతోంది, మిగతాది మింగేస్తోంది. అప్పుడు వేసిన అంచనా ప్రకారం నీలం, అతినీలలోహిత భాగంలో పరావర్తన సూచిక (పడిన కాంతిలో తిప్పి పంపే వాటా) 40 శాతం దగ్గర, అదీ గణనీయమైన అనిశ్చితితో. పచ్చలో 12 శాతం లోపు.

ఈ నీలానికి సముద్రాలు కారణం కాదు. గాలిలోని సన్నటి కణాలు నీలం కాంతిని ఎక్కువగా వెదజల్లుతాయి, సోడియం లాంటివి పసుపు భాగాన్ని మింగేస్తాయి.

ఆ తరవాతి సంగతి వీడియోల్లోకి రాలేదు. 2023లో యూరప్‌కు చెందిన కియాప్స్ టెలిస్కోప్ కంటికి కనిపించే రంగులన్నీ కలిపి కొలిస్తే పరావర్తన సూచిక 7, 8 శాతమే వచ్చింది. ఇదే సూచిక గురుగ్రహానికి 50 శాతం పైన, మన చంద్రుడికి సుమారు 12 శాతం. చంద్రుడి నేల నిజానికి నల్లటి రాతి పొడి. దానికంటే చీకటిది ఈ గ్రహం. కాబట్టి పక్కన నిలబడి చూడగలిగితే మెరిసే నీలం బంతి కంటే, నల్లటి దాని మీద నీలి ఛాయ అనడం ఎక్కువ సబబు.

గాజా, తెల్లరాయా

ఇక అసలు విషయం. 2013 నాటి నీలం రంగు ప్రకటనలోనే ఈ కథ పుట్టింది. నీలం కాంతిని వెదజల్లే కణాలు ఏమై ఉంటాయి? నీటి ఆవిరి మబ్బులు కట్టాలంటే ఆ వేడి చాలా ఎక్కువ. 900, 1000 డిగ్రీల దగ్గర గట్టిపడగలిగినవి సిలికేట్లు, అంటే సిలికాన్, ఆక్సిజన్ కలిసిన రాతి ఖనిజాలు. గాజుకూ మూలం సిలికా, అంటే సిలికాన్ డయాక్సైడే. గాలి వేగమూ తెలుసు. ఈ మూడూ కలిపి 'బహుశా గాజు అడ్డంగా కురుస్తుండొచ్చు' అన్నారు. ఆ వాక్యంలోని 'బహుశా' తరవాతి ప్రయాణంలో రాలిపోయింది.

ఈ పదార్థం ఉమ్మడి నెల్లూరు జిల్లా వాళ్లకు కొత్తది కాదు. చిల్లకూరు, కోట మండలాల తీరంలో తవ్వే తెల్లటి సిలికా ఇసుక గాజు ఫ్యాక్టరీలకే వెళ్తుంది. గూడూరు, సైదాపురం వైపు అభ్రకం గనుల్లో అభ్రకంతో పాటు బయటపడే తెల్లరాయి, అంటే క్వార్ట్జ్, రసాయనికంగా అదే సిలికా. ఇసుకలో సిలికా రేణువులు, తెల్లరాయిలో పెద్ద స్ఫటికాలు, గాజులో అణువులు క్రమం లేకుండా గడ్డకట్టిన స్థితి. రసాయన సూత్రం ఒకటే అయినా లోపలి అమరిక వేరు. పరారుణ కాంతిలో ఆ అమరికను బట్టి ఒక్కో రూపం ఒక్కో ముద్ర వేస్తుంది.

ఆ ముద్రను పట్టుకోవడానికి జేమ్స్ వెబ్ టెలిస్కోప్ రావలసి వచ్చింది. మొదట 2023లో వాస్ప్-17బి అనే మరో గ్రహం మీద సుమారు 8.6 మైక్రాన్ల తరంగదైర్ఘ్యం దగ్గర క్వార్ట్జ్ జాడ దొరికింది. అది 1,300 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది, ద్రవ్యరాశి గురుగ్రహంలో సగం లోపే, ఘనపరిమాణం ఏడు రెట్లకు పైన, బాగా ఉబ్బిన గ్రహం. మరుసటి ఏడాది, 2024లో, హెచ్‌డీ 189733 బి పగటి వైపు నుంచి వచ్చే కాంతిలో కూడా అలాంటి ముద్రే కనిపించిందని మరో బృందం ప్రకటించింది. 2013లో ఊహించిన సిలికాన్ సంబంధం నిజమే అయింది. గాజు స్థానంలో స్ఫటికం వచ్చింది.

రెండో తేడా కణాల సైజు. వాస్ప్-17బి మీద ఆ స్ఫటికాలు సుమారు పది నానోమీటర్లు, అంటే మిల్లీమీటరులో లక్షో వంతు. హెచ్‌డీ 189733 బి మీదవీ అతి సన్నటివే. ఇంత చిన్న కణం వానచుక్కలా రాలదు. దాని బరువు దాన్ని కిందికి లాగే వేగం కంటే కింది నుంచి లేచే గాలి దాన్ని పైకి మోసే వేగం ఎక్కువ. అది ధూళిలా, పొగలా తేలుతూ ఉంటుంది. ఎక్కువ లోతుకు జారితే అక్కడి వేడికి మళ్లీ ఆవిరైపోతుంది, పైకి లేచిన ఆవిరి మళ్లీ గట్టిపడుతుంది. నేల లేని గ్రహం మీద ఈ చక్రాన్ని వాన అనాలంటే మాటను చాలా సాగదీయాలి.

'కరిగిన' అన్న మాట అయితే అసలు పొసగదు. స్వచ్ఛమైన సిలికా కరగడానికి సుమారు 1,700 డిగ్రీలు కావాలి. గాజు కొలిమిలో ఇసుకకు సోడా లాంటివి కలిపేది ఆ అంకెను తగ్గించడానికే. గ్రహం మీద మనకు కనిపించే పొరల్లో వేడి 940 డిగ్రీలు, పైగా అక్కడి ఒత్తిడి చాలా తక్కువ. ఆ పరిస్థితుల్లో సిలికా ఆవిరి ద్రవం కాకుండా నేరుగా ఘన స్ఫటికంగా మారుతుంది. వీడియోల్లో మెరుస్తూ జారే ద్రవపు బొట్లకు అక్కడ చోటు లేదు. సెకనుకు 2 కిలోమీటర్ల వేగంతో కొట్టుకుపోయే క్వార్ట్జ్ ధూళి మాత్రం ఉంది. అది తక్కువ భయంకరమేమీ కాదు, వీడియోకు పనికి రాదంతే.

కుళ్లిన గుడ్ల వాసన

ఈ మాటకు ఆధారం గట్టిదే. 2024 జులైలో వెబ్ టెలిస్కోప్ సమాచారంతో హైడ్రోజన్ సల్ఫైడ్ ఉన్నట్టు ప్రకటించారు. కుళ్లిన గుడ్లకు ఆ కంపు తెచ్చేది ఆ వాయువే. వాసన పీల్చే ముక్కు అక్కడ బతకదన్నది వేరే సంగతి. శాస్త్రవేత్తలకు ముఖ్యమైంది ఇంకొకటి: సౌర కుటుంబం బయటి ఇలాంటి గ్రహంలో గంధకం ఎంత ఉందో కొలవగలిగారు. నీటి ఆవిరి, కార్బన్ మోనాక్సైడ్, కార్బన్ డయాక్సైడ్ కూడా దొరికాయి. మీథేన్ మాత్రం దాదాపు లేదు. మన గురుగ్రహం చల్లటిది కాబట్టి అక్కడ కార్బన్ మీథేన్ రూపంలో ఉంటుంది. హెచ్‌డీ 189733 బి మీద ఉన్నంత వేడిలో కార్బన్ ఆక్సిజన్‌తో జతకట్టడానికే మొగ్గు చూపుతుంది. వెనకటి పరిశోధనల్లో 2008లో ఇక్కడ మీథేన్ ఉందన్నారు, కొత్త కొలత దాన్ని బలపరచలేదు. హీలియం కంటే బరువైన మూలకాలు ఈ గ్రహంలో తన నక్షత్రంతో పోలిస్తే మూడు నుంచి ఐదు రెట్లు ఎక్కువ అని తేలింది. గురుగ్రహంలోనూ సూర్యుడితో పోల్చితే దాదాపు అంతే. వేడి, దూరం ఎంత వేరైనా రెండు గ్రహాలూ పుట్టిన తీరులో పోలిక ఉండొచ్చని ఇది సూచిస్తోంది.

ఆవిరైపోతోందా

సెకనుకు కనీసం వెయ్యి టన్నులు అన్నది 2012లో వెలువడ్డ అంచనా. హబుల్ 2010లో చూసినప్పుడు వాయువు జారిపోతున్న జాడ లేదు, 2011 సెప్టెంబరులో స్పష్టంగా ఉంది. దానికి సుమారు 8 గంటల ముందు నక్షత్రం మీద పెద్ద ఎక్స్‌రే మంట లేచిందని స్విఫ్ట్ ఉపగ్రహం నమోదు చేసింది. నక్షత్రం మూడ్ మారితే గ్రహం వాతావరణం కూడా మారుతోందన్న మాట.

వెయ్యి టన్నులు వినడానికి పెద్ద అంకె. గ్రహం బరువుతో కలిపి చూస్తే సంగతి మారిపోతుంది. ఆ ధార ఒక్క సెకను కూడా ఆగకుండా వంద కోట్ల సంవత్సరాలు సాగినా, పోయేది మొత్తం ద్రవ్యరాశిలో లక్షకు ఒకటిన్నర వంతు. గ్రహం కరిగిపోవడం లేదు. పై పొర చెమట పడుతోంది, అంతవరకే.

అంత దగ్గరికి ఎలా చేరింది

గురుగ్రహం లాంటివి నక్షత్రానికి దూరంగా, మంచు నిలవగలిగే చల్లటి చోటే పుట్టాలన్నది పాత అవగాహన. 1952లోనే ఆటో స్ట్రూవె అనే శాస్త్రవేత్త నక్షత్రాలకు అతి దగ్గరగా పెద్ద గ్రహాలు ఉంటే వాటిని ఎలా పట్టుకోవచ్చో రాశారు, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. 1995లో మిషెల్ మేయర్, దిదియే కెలో 51 పెగాసి బి అనే గ్రహాన్ని కనిపెట్టాక లెక్కలన్నీ తిరగరాయాల్సి వచ్చింది. వారికి 2019లో నోబెల్ బహుమతి దక్కింది.

ఇప్పుడు ప్రధానంగా రెండు దారులు చెబుతారు. నక్షత్రం పసితనంలో దాని చుట్టూ ఉండే వాయు ధూళి పళ్లెంలో గ్రహం మెల్లగా లోపలికి జరగడం ఒకటి. మరో నక్షత్రమో గ్రహమో లాగడంతో కక్ష్య బాగా సాగిపోయి, తరవాత నక్షత్రం దగ్గర గుండ్రంగా బిగుసుకోవడం రెండోది. హెచ్‌డీ 189733కు దూరంగా ఒక ఎర్ర మరుగుజ్జు (చిన్న, చల్లటి) నక్షత్రం తోడుగా ఉంది కాబట్టి రెండో దారికి అవకాశం ఉంది. కానీ రెండో దారిలో వచ్చిన గ్రహాల కక్ష్య తరచూ వంకరగా ఉంటుంది. ఇక్కడ నక్షత్రం తిరిగే దిశకూ గ్రహం కక్ష్యకూ మధ్య మనకు కొలవగలిగిన తేడా ఒక డిగ్రీ కూడా లేదు. ఇది మొదటి దారికి మొగ్గు ఇస్తుంది. అయితే ఇలాంటి చల్లటి నక్షత్రాల దగ్గర ఉన్న పెద్ద గ్రహాలు కాలక్రమంలో వంకరను సరిచేసుకోగలవు కాబట్టి కేసు మూసేయడానికి ఇది చాలదు.

ఇలాంటి గ్రహాలు విశ్వమంతా ఉన్నాయనుకోవడమూ సరికాదు. సూర్యుడి లాంటి నక్షత్రాల్లో వందకు ఒకదానికి మించి ఇవి ఉండవు. పెద్దవి, దగ్గరివి, త్వరగా చుట్టేవి కాబట్టి మన పరికరాలకు ముందుగా చిక్కాయి.

నెల్లూరు ఆకాశంలో

గ్రహాన్ని చూడలేం గానీ దాని నక్షత్రాన్ని మంచి బైనాక్యులర్‌తో చూడొచ్చు. శ్రవణా నక్షత్రానికీ ఉత్తరాన హంస మండలానికీ మధ్య, డంబెల్ నెబ్యులా అనే వాయు మేఘానికి ఆనుకుని తూర్పున ఉంటుంది. ప్రకాశం 7.7 (ఈ కొలతలో అంకె పెరిగే కొద్దీ వెలుగు తగ్గుతుంది), అంటే వట్టి కంటికి అందే హద్దు కంటే మసక. నెల్లూరు నుంచి చూస్తే అది నడినెత్తికి దాదాపు 8 డిగ్రీలు ఉత్తరంగా దాటుతుంది కాబట్టి స్థానం చాలా అనుకూలం. సాయంత్రాలు చూడాలంటే ఆగస్టు నుంచి అక్టోబరు వరకు సమయం. కానీ అక్టోబరు దాటితే ఈశాన్య రుతుపవనాలు ఈ జిల్లాలకు ప్రధాన వానలు తెస్తాయి, అంతకు ముందూ మబ్బుల బెడద ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో తెల్లవారుజామున 3, 4 గంటలకు ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ. తీరం వెంట దీపాల వెలుగు వదిలి ఉదయగిరి, సీతారాంపురం, గిద్దలూరు వైపు వెళ్తే ఇంకా మేలు.

8 అంగుళాల టెలిస్కోప్, దానికో కెమెరా ఉన్న కాలేజీ విద్యార్థులు ఆ 2.4 శాతం తగ్గుదలను సొంతంగా నమోదు చేయొచ్చు. ఇతర దేశాల్లో ఔత్సాహికులు చాలా కాలంగా చేస్తున్న పనే. చిక్కల్లా సమయం కుదరడంలో ఉంది. గ్రహం 2 రోజుల 5 గంటల 15 నిమిషాలకు ఒకసారి అడ్డు వస్తుంది కాబట్టి ఒకసారి తెల్లవారుజామున దొరికితే తరవాతిది పగటిపూట పడిపోతుంది. తొమ్మిది చుట్లు పూర్తయ్యేసరికి 20 రోజులకు 47 నిమిషాలు తక్కువ అవుతుంది. అంటే ఏప్రిల్ మొదట్లో ఒక రాత్రి మూడున్నరకు దొరికిన గ్రహణం 20 రోజుల తరవాత రెండు ముప్పావు ప్రాంతంలో మళ్లీ దొరుకుతుంది. గ్రహణానికి ముందు, తరవాత కూడా ఒక్కో గంట కొలిస్తేనే తగ్గుదల స్పష్టంగా తెలుస్తుంది కాబట్టి ఒక రాత్రికి కనీసం నాలుగు గంటలు కేటాయించుకోవాలి.